తాడు అవతలి మంచం

ఇంట్లో అంట్లు తోమి, ఆ చేతులు ఆరకముందే బస్సెక్కి వెళ్ళి, అక్కడ మళ్ళీ అంట్లు తోమే ఉద్యోగం ఆమెది. తేడా అల్లా ఒక్కటే. ఇంట్లో తోముతుంటే ఎవరూ చూడరు. అక్కడ టికెట్టు కొనుక్కుని మరీ చూస్తారు.

ఆ ఊరి బంగారు గని మూతపడి ఒక తరం దాటింది. కింద బంగారం అయిపోయిందో, తవ్వితే గిట్టుబాటు కాలేదో, ఎవరిని అడిగితే వాళ్ళు ఒకటి చెబుతారు. గని పోయాక ఊరు కొన్నేళ్ళు దిక్కు తోచక కూర్చుంది. ఆ తర్వాత లోపలి సరుకు మాట మరిచిపోయి, మిగిలిన డొల్లనే అమ్ముకోవడం నేర్చుకుంది. సొరంగంలో చిన్న రైలు వేశారు. నెత్తిన హెల్మెట్ పెట్టి, దానికి లైటు తగిలించి జనాన్ని చీకట్లో తిప్పుకొస్తారు. గని తవ్వి పోసిన మట్టిదిబ్బల మీద సైకిల్ దారులు వేశారు. అన్నిటికంటే పెద్ద దిబ్బ కొస నుంచి కింద చెరువు దాకా ఇనుపతాడు కట్టారు. దానికి మనుషుల్ని వేలాడదీసి వదిలితే కేకలు పెట్టుకుంటూ జారిపోతారు. కాలువ పక్కన తొట్లలో ఇసక పోశారు. పళ్ళెంతో ఓపిగ్గా కడిగితే అడుగున రవ్వంత బంగారం మెరుస్తుంది. ఆ రవ్వలు పొద్దున్నే ఇసకలో కలిపేది తొట్ల దగ్గర పనిచేసే ఆవిడ. అందరూ జల్లెడావిడ అంటారు. "నేను విత్తుతాను, వాళ్ళు కోసుకుంటారు. మధ్యలో అదృష్టం అనే పేరు ఒకటి" అంటుంది ఆవిడ.

కొండవాలున పాత కార్మికుల క్వార్టర్ల వరస ఒకటి కూలకుండా మిగిలింది. దానికి సున్నం కొట్టి, కప్పు మార్చి, చివరి ఇంటికి 'గని మేస్త్రీ ఇల్లు' అని బోర్డు పెట్టారు. ఆ ఇంట్లో మేస్త్రీ భార్యగా ఉండటమే ఈమె పని. ముతక బట్టలు కట్టుకుని, తలకు గుడ్డ చుట్టుకుని, బొగ్గుల పొయ్యి రాజేయాలి. ఇస్త్రీపెట్టెలో నిప్పులు పోసి ఒకే చొక్కాని రోజంతా ఇస్త్రీ చేయాలి. తోమిన గిన్నెల్నే మళ్ళీ తోమాలి. ఎవరైనా అడిగితే, "మా ఆయన కింద షిఫ్టులో ఉన్నారు. సైరన్ మోగి, ఆయన గుమ్మంలోకి వచ్చేదాకా నా ప్రాణం నా దగ్గరుండదు" అని చెప్పాలి. ఆ మాటలు మేనేజరు రాయించి ఇచ్చినవి. ఆమె భర్త ఆ వేళకి నిజంగానే కింద సొరంగంలో ఉంటాడు, చిన్న రైలు నడుపుతూ. కనుక అబద్ధం చెప్పిన పాపం కూడా లేదు. పనివాళ్ళందరూ ఆమెను క్వార్టరమ్మ అంటారు. భర్తని కూడా క్వార్టరమ్మగారి ఆయన అంటారు. అతను ఏమీ అనుకోడు.

ఇంట్లో అత్తగారు ఉంది. పెళ్ళయిన నాటి నుంచి గని మూసేదాకా ఆవిడ కాపురం ఆ వరసలోనే సాగింది. మామగారు దుమ్ము మింగీ మింగీ దగ్గుతోనే పోయాడు. ఇప్పుడు ఆవిడకి మోకాళ్ళు పనిచేయవు, నోరు పనిచేస్తుంది. కోడలు చేసే ఉద్యోగం ఏమిటో మొదటిసారి విన్నప్పుడు ఆవిడ మళ్ళీ చెప్పించుకుంది.

"మేము ఊరికే చేసిన చాకిరీకి ఇప్పుడు టికెట్టా?" అంది చివరికి. "ముందే తెలిస్తే గుమ్మంలో డబ్బా పెట్టుకుని కూచునేదాన్ని కదే అమ్మాయ్."

ఆ ఏడు సెలవుల్లో జనం ఎక్కువయ్యారు. ఈమెతో వంతులు మార్చుకునే ఇంకొకావిడ వేరే పని చూసుకుని వెళ్ళిపోయింది. కొత్తమనిషిని వెతుకుతున్నామని మేనేజరు చెబుతూనే ఉన్నాడు. ఈలోగా రెండు వంతులూ ఈమే మోసింది. పొద్దున ఇంట్లో పొయ్యి, పగలంతా అక్కడ పొయ్యి, సాయంత్రం మళ్ళీ ఇంట్లో పొయ్యి. జ్వరం లేదు, నొప్పి లేదు. డాక్టర్‌కి చూపించుకుందామంటే చూపించడానికి ఏమీ లేదు. ఒళ్ళంతా తడి ఇసక నింపినట్టు ఉండేది, అంతే. మాట్లాడబోతే నోరు కదిలేది కాదు. బస్సులో నిలబడి కమ్మీ పట్టుకుని రెప్పలు వాల్చేది. దిగాల్సిన చోటు దాటిపోయి వెనక్కి నడిచి వచ్చేది.

ఆ మేస్త్రీ ఇంట్లో రెండు గదులు. ముందుగదిలో వంట, లోపలి గదిలో ఒక ఇనుపమంచం. మంచం మీద గళ్ళ దుప్పటి, పక్కన ట్రంకు పెట్టె, మేకుకి తగిలించిన పాత కోటు. ఎవరూ ముట్టుకోకుండా అడ్డంగా ఒక ఎర్రతాడు. ఒక మధ్యాహ్నం, భోజనాల వేళ దాటాక, గుమ్మం ఖాళీ అయింది. దుప్పటి అంచు ఒక పక్కకి జారి కనిపించింది. సర్దుదామని ఆమె తాడు కిందుగా వంగి లోపలికి వెళ్ళింది. ఒక కొస లాగింది. రెండో కొస లాగడానికి మంచం మీద కూర్చోవాల్సి వచ్చింది. కూర్చోవడం వరకే ఆమెకు గుర్తుంది.

మెలకువ వచ్చేసరికి తాడు అవతల మనుషులు. ఒకరి భుజం మీదుగా ఒకరు చూస్తూ, గదినిండా ఉన్నారు. ఒక్కరూ మాట్లాడటం లేదు. ముందువరసలో ఒకామె నోటి మీద వేలు పెట్టుకుని వెనకవాళ్ళని కదలనివ్వడం లేదు. ఇంకో పెద్దాయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఈమె దిగ్గున లేచి కూర్చుంది. చెంప మీద దుప్పటి గళ్ళు అచ్చుపడ్డాయి.

"పడుకోమ్మా, పడుకో. మేము వెళ్ళిపోతాం" అంది నోటి మీద వేలు పెట్టుకున్నామె. అని వెళ్ళలేదు.

ఉద్యోగం ఊడిందనే అనుకుంది. మర్నాడు మేనేజరు పిలిస్తే తోముతున్న గిన్నె వదిలేసి వెళ్ళింది. మేనేజరు వయసులో చిన్నవాడు. ఎప్పుడూ ఒక చెవికి ఫోను అతుక్కుని ఉంటుంది. ఆరోజు ఆ ఫోనే ఆమె ముందు పెట్టాడు. అందులో ఆమె. నోరు కొంచెం తెరిచి, ఒక చెయ్యి మంచం కిందికి వేలాడేసి, ఒళ్ళు మరిచి నిద్రపోతోంది.

"తప్పయిపోయింది బాబూ" అంది.

"తప్పా? అమ్మా, దీన్ని ఎంతమంది చూశారో తెలుసా మీకు? 'ఆనాటి ఆడవాళ్ళ కష్టం ఈ ఒక్క నిద్రలో కనపడింది' అని రాస్తున్నారు. ఇనుపతాడు మీద జారే ఆటకి కూడా ఇంత పేరు రాలేదు. రేపటి నుంచి రోజూ మధ్యాహ్నం మీరు ఒక అరగంట పడుకోండి. బోర్డు మీద టైము రాయిస్తాను."

"పడుకోవాలా?"

"పడుకోవాలి. అదే పని."

సాయంత్రం ఈ సంగతి చెబితే భర్త పగలబడి నవ్వాడు. "అడక్కుండా వరం ఇచ్చాడోయ్. నేనూ రైల్లో కునుకుతీస్తే జీతం పెంచుతారేమో కనుక్కో" అన్నాడు. ఆమెకూ నవ్వొచ్చింది. చాలా రోజుల తర్వాత వచ్చిన నవ్వు అది.

మొదటిరోజు తలగడ మీద తల పెట్టగానే తెలిసింది, ఇది అయ్యే పని కాదని. కళ్ళు మూసుకుంది. కళ్ళు మూసుకున్న మనిషికి చెవులు నాలుగవుతాయి. తాడు అవతల చెప్పుల చప్పుడు, గుసగుసలు.

"బొమ్మా, మనిషా?"

"మనిషే. పొట్ట కదులుతోంది చూడు."

"ఆ మడమలు చూశావా, ఎలా పగిలిపోయాయో. మేకప్పు బాగా వేశారు."

ఆమె మెల్లగా కాళ్ళు దుప్పటిలోకి లాక్కోబోయి ఆగింది. నిద్రలో ఉన్న మనిషి మాట విని కాళ్ళు ముడుచుకోదు కదా. ముక్కు మీద ఈగ వాలింది. దాన్ని తోలాలా వద్దా? నిజంగా నిద్రపోతున్నప్పుడు తాను ఏం చేస్తుందో ఆమెకు ఎలా తెలుస్తుంది? తెలిసినవాళ్ళు ఎవరుంటారు? ఈగ దానంతట అది లేచిపోయేదాకా ఓర్చుకుంది. అరగంట అయ్యాక లేచి ముందుగదిలోకి వచ్చి గిన్నెలు తోముతుంటే ప్రాణం లేచి వచ్చినట్టు అనిపించింది.

రోజులు గడిచేకొద్దీ అలవాటవుతుందనుకుంది. అవలేదు. మిగతా పనులు చేతులతో చేసేవి. చేతులు చేస్తుంటే మనసు ఎక్కడికైనా వెళ్ళొచ్చేది. ఈ పనిలో ఒళ్ళంతా కాపలా కాయాలి. ఊపిరి కూడా లెక్కగా పీల్చాలి. జల్లెడావిడ ఒకరోజు టీ తాగుతూ, "నువ్వు అదృష్టవంతురాలివి వదినా" అంది. మళ్ళీ ఈమె ముఖంలోకి పరిశీలనగా చూసి, "కాదులే" అని, తన గ్లాసులో టీ కొంచెం ఈమె గ్లాసులో వంపింది.

అసలు నష్టం ఇంట్లో తెలిసింది. పక్కమీద వాలితే చాలు, గోడ దగ్గర ఎవరో నిలబడి చూస్తున్నట్టు ఉండేది. నోరు తెరుచుకుంటోందేమో, చెయ్యి ఎక్కడుందో అని చూసుకునేది. భర్త గురక పెడుతుంటే ఈమె పక్కన చక్కగా, ఫోటోలో లాగా, పడుకుని ఉండేది.

కనిపెట్టింది అత్తగారే. ఒక సెలవురోజు మధ్యాహ్నం చాప మీద వాలిన కోడలిని ఆవిడ కుర్చీలోంచి చాలాసేపు చూసింది.

"ఏమే, కళ్ళు మూసుకుని ఏం పని చేస్తున్నావు?"

"పడుకున్నాను అత్తయ్యా."

"పడుకున్నదానివి జవాబు చెప్తావా? దొంగనిద్ర నాకు తెలీదా. నీ మొగుడు బడికి పోనని రోజూ ఇలాగే పడుకునేవాడు."

అప్పుడు చెప్పింది, మొత్తం. చెబుతుంటే ఏడుపు రాలేదు, కోపం రాలేదు. సరుకులు ఏమేం అయిపోయాయో చెప్పినట్టు చెప్పింది. అత్తగారు అంతా విని, "రేపు నన్ను అక్కడికి తీసుకెళ్ళమని వాడితో చెప్పు" అంది.

"ఎందుకు అత్తయ్యా? కొండ ఎక్కాలి. మీ మోకాళ్ళు..."

"నా మోకాళ్ళ సంగతి నా మోకాళ్ళు చూసుకుంటాయి. నేను కాపురం చేసిన ఇళ్ళు. చూసొస్తాను."

ఇన్నేళ్ళలో ఆవిడ అటు అడుగు పెట్టలేదు. పోదామంటే, "చూసిందే చూడ్డానికి బస్సు ఛార్జీ దండగ" అనేది. మర్నాడు కొడుకు ఆవిడని సామాన్లు మోసే బ్యాటరీ బండిలో కూర్చోబెట్టి వరస దాకా తెచ్చి దింపి, తన రైలు టైమయిందని పరిగెత్తాడు. ఆవిడ కర్ర ఊతతో గుమ్మంలో నిలబడింది. సున్నం గోడల్ని, కొత్త కప్పుని, పొయ్యిని చూసింది. తలుపు చెక్క మీద అరచెయ్యి పెట్టి కొంచెంసేపు అలాగే ఉంచింది.

"మనదేనా ఈ ఇల్లు?" అని అడిగింది కోడలు.

"కాదు. మనది మధ్యలో ఎక్కడో ఉండేది. అయినా అన్నీ ఒకటేలే. పొరపాటున పక్కింట్లోకి వెళ్ళినా ఏ వస్తువు ఎక్కడుందో తెలిసేది."

ఆ సరికే బోర్డు మీద రాసిన టైము దగ్గరపడింది. జనం చేరుతున్నారు. పిల్లలున్నవాళ్ళు, సైకిల్ తొక్కి చెమటలు కక్కుతున్నవాళ్ళు, నీళ్ళ సీసాలు పట్టుకున్నవాళ్ళు. కోడలు తాడు కిందుగా వంగి మంచం మీదికి వాలబోయింది.

"లే" అంది అత్తగారు.

"టైమయింది అత్తయ్యా. అందరూ వచ్చేశారు."

"లేవమంటున్నాను. కొండెక్కి వచ్చాను, కాళ్ళు విరిగిపోతున్నాయి. నాకు కూచోడానికి ఇంకెక్కడన్నా చోటుందా ఈ కొంపలో?"

కుర్చీ ఒకటుంది గాని అది పట్టుకుంటే ఊగుతుంది. కోడలు లేచి తాడు కొక్కెం తీసింది. ఆవిడ లోపలికి వచ్చి, మంచం అంచున కూర్చుని, ఒక్కో కాలూ చేత్తో ఎత్తి పైన పెట్టుకుంది. ఆ తర్వాత గోడవైపు తిరిగి, జనానికి వీపు పెట్టి పడుకుంది. తాడు అవతలివాళ్ళకి ఇది ఆటలో భాగమో కాదో అర్థం కాలేదు. ఫోన్లు పైకెత్తినవాళ్ళు అలాగే పట్టుకున్నారు.

"ఈవిడ ఎవరండీ?" అని ఒకామె మెల్లగా అడిగింది.

"మా అత్తగారు. ఈ వరసలోనే కాపురం చేశారు. మా మామగారు ఈ గనిలోనే పనిచేశారు." ఇవి రాయించి ఇచ్చిన మాటలు కావు. నోటికి రావడానికి కొంచెం తడబడ్డాయి.

"అయితే అప్పట్లో ఆడవాళ్ళు మధ్యాహ్నం పూట ఇలాగే ఓ కునుకు తీసేవాళ్ళన్నమాట."

కోడలి కంటే ముందే గోడవైపు నుంచి జవాబు వచ్చింది. "తీస్తే పొయ్యి ఎవరు రాజేస్తారు తల్లీ? రాత్రి షిఫ్టు చేసొచ్చిన మగాడు పడుకునేవాడు. వాడు లేవకుండా పిల్లల నోళ్ళు మూసుకుంటూ తిరిగేవాళ్ళం మేము. ఇప్పుడే కాస్త నడుం వాల్చాను. పడుకోనివ్వండి."

ఎవరో నవ్వారు, ఎక్కువగా కాదు. ముందున్నామె ఫోను సంచిలో పెట్టేసుకుంది. ఒక్కొక్కరే వెనక్కి తిరిగారు. గది ఖాళీ అయ్యేసరికి ముసలావిడ ఊపిరి మారింది. ఇంకాస్త సేపటికి సన్నగా గురక మొదలైంది. అది దొంగనిద్ర కాదు. కోడలు గళ్ళ దుప్పటి ఆవిడ కాళ్ళ మీదికి లాగి, బయటికి వచ్చి తలుపు దగ్గరికి వేసి, గొలుసు తగిలించి మెట్టు మీద కూర్చుంది.

ఏమీ చేయకుండా కూర్చుంది. చేతులు ఒళ్ళో పడి ఉన్నాయి. దిబ్బ మీద నుంచి ఎవరో కేకపెట్టుకుంటూ చెరువు వైపు జారిపోయారు. తర్వాత వచ్చిన గుంపుతో, "లోపల మనిషి పడుకున్నారండీ, కాసేపాగి రండి" అంది. వాళ్ళు సరేనని జల్లెడ తొట్ల వైపు వెళ్ళారు. ఇంత తేలిగ్గా వెళ్ళిపోతారని ఆమె అనుకోలేదు.

మేనేజరు రానే వచ్చాడు.

"అమ్మా, తలుపు ఎందుకు వేశారు?"

"లోపల పెద్దావిడ నిద్రపోతున్నారు బాబూ."

"నిజంగానా? మరి అదే కదా చూపించాల్సింది. నిజంగా ఇక్కడ బతికిన మనిషి నిజంగా..."

"చూపించకూడదు బాబూ." ఆమె లేవలేదు. లేవాలని ఉన్నా లేవగలిగేది కాదు. "మీరు తోమమంటే తోముతాను. ఇంకో చొక్కా ఇస్తే అదీ ఇస్త్రీ చేస్తాను. ఈ పడుకునే పని మాత్రం నా వల్ల కాదు. రోజూ ఇక్కడ పడుకుంటుంటే ఇంటికి పట్టుకెళ్ళడానికి నా దగ్గర నిద్ర మిగలడం లేదు."

మేనేజరు ఫోను మోగింది. పేరు చూసి, ఎత్తకుండా జేబులో పెట్టుకున్నాడు. అది జేబులోనే చాలాసేపు మోగింది. అతను వచ్చి మెట్టు మీద రెండో కొసన కూర్చున్నాడు.

"పైవాళ్ళకి మాట ఇచ్చేశానమ్మా. ఈ నెల బోర్డుల మీద మీ బొమ్మే వేయించారు."

"తెలుసు బాబూ. బస్టాండులో చూశాను."

"నాకూ సరిగ్గా నిద్రుండటం లేదు. నాకెవరూ టికెట్టు పెట్టలేదు, అదొక్కటే తక్కువ" అన్నాడు. అని కొంచెం సిగ్గుపడి లేచాడు. వెళ్ళేటప్పుడు తలుపు తీయమని మాత్రం అనలేదు.

ఆ తర్వాత అది ఎలా తేలిందంటే, పైవాళ్ళు నిద్ర మానడానికి ఒప్పుకోలేదు, మనిషిని మానుకోవడానికి ఒప్పుకున్నారు. ఆమె కట్టుకునే ముతక బట్టల్లో ఒక జత తీసుకుని, గడ్డి కూరి, ఒక బొమ్మ చేయించి మంచం మీద పడుకోబెట్టారు. ముఖం కనపడకుండా గోడవైపు తిప్పారు. అది అత్తగారిని చూసి నేర్చుకున్నదే. మొదటివారం జనం దాన్ని చూశారు. రెండోవారం బొమ్మే కదా అని ముందుగదిలోంచే వెళ్ళిపోయారు. ఇంకొన్నాళ్ళకి బస్టాండు బోర్డు మీద ఆమె బొమ్మ తీసేసి, చెరువు మీద జారే అమ్మాయి బొమ్మ పెట్టారు. ఊగే కుర్చీకి మాత్రం మేకులు కొట్టించారు.

కొత్తమనిషి రాలేదు. రెండు వంతులూ ఆమెవే. కాకపోతే మధ్యాహ్నం తలుపుకి గొలుసు వేసుకోవచ్చునని మేనేజరు చెప్పాడు. ఎవరైనా అడిగితే పొయ్యి చల్లారే టైమని చెప్పమన్నాడు. ఆ కాసేపూ హెల్మెట్లు పెట్టే గదిలో బల్ల మీద జల్లెడావిడ పక్కన కూర్చుంటుంది. ఒక్కోసారి కునుకు పడుతుంది, ఎక్కువసార్లు పడదు. నిద్ర ఒకసారి అలిగిందంటే చుట్టం లాంటిదే, వెంటనే తిరిగి రాదు. రోజూ తలుపు తీసి ఉంచాలి, అంతే.

ఇంట్లో అత్తగారు కూరలు తరగడం మొదలుపెట్టింది. కుర్చీలో కూర్చునే తరుగుతుంది. ముక్కలు పెద్దపెద్దవిగా ఉంటాయి. "నీ మీద జాలితో కాదు. పొద్దు పోక" అంటుంది. కోడలు ఆ ముక్కల్నే పొయ్యి మీద వేస్తుంది.

సెలవులు ముగిసే ముందు ఒక సాయంత్రం ఆమె ఇంటికి వచ్చి, గుమ్మం పక్క బల్ల మీద కూర్చుని ఒక చెప్పు విప్పింది. రెండోది విప్పడానికి వంగాలి. వంగకుండా అలాగే గోడకి చేరగిలబడి ఉండిపోయింది.

"ఆ రెండోది కూడా విప్పవే" అంది లోపలి నుంచి అత్తగారు.

"విప్పుతాను అత్తయ్యా" అంది. భర్త వచ్చి, ఆమె ముందు నుంచి దాటుకుని వెళ్ళి, చేతులు కడుక్కుని, మళ్ళీ వచ్చి చూసేటప్పటికి ఆమె నోరు కొంచెం తెరిచి నిద్రపోతోంది, ఆ చెప్పు ఇంకా కాలికే ఉంది.